పుట్టింటివాళ్ళు ఇచ్చిన తుపాకి

ఆడపిల్లకు పుట్టింటి నుంచి చీర వస్తుంది, సారె వస్తుంది, అదృష్టం బాగుంటే పాడి ఆవు వస్తుంది. నాకు డబల్ బ్యారల్ తుపాకి వచ్చింది. ఈ మాట చెప్పినప్పుడల్లా ఎదుటివాళ్ళు ఒక్క క్షణం నా ముఖం చూసి, మీ పుట్టిల్లు ఎక్కడని అడుగుతారు. అనంతపురం జిల్లా అనగానే ‘అదీ సంగతి’ అన్నట్టు తలాడిస్తారు. వాళ్ళు అనుకునే కథ వేరు. మా కథలో ఉన్నదల్లా వేరుశనగ చేను, అడవి పందులు, రెండు రాష్ట్రాల ఆఫీసులు, మా అమ్మ చింతపండు.

మా నాయనది కుందుర్పి దగ్గర ఒక పల్లె. నన్నిచ్చింది పావగడ వైపు. మధ్యలో ఒక బస్సు ప్రయాణం. నేల ఒకటే, ఎండ ఒకటే, రాని వాన కూడా ఒకటే. మా అత్తగారి ఊళ్ళోనూ ఇళ్ళల్లో తెలుగే. కానీ అది కర్ణాటక. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆ తేడా నాకు బస్సు టికెట్టు మీది అక్షరాల్లో తప్ప ఎక్కడా తగల్లేదు. తుపాకి దగ్గర తగిలింది, గట్టిగానే తగిలింది.

మా ఆయన పోయాక చేను నేనే చేసుకుంటున్నాను. కూతురు పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది. చుట్టూ ఉన్న చేలన్నీ సోలార్ కంపెనీ లీజులోకి పోయాయి. నా గట్టు మీద నిలబడి చూస్తే మూడు వైపులా నల్లటి పలకలు, నాలుగోవైపు గుట్ట. ఆ గుట్ట నిండా పందులు. ఇంకెక్కడా తినడానికి ఏమీ మిగలకపోవడంతో మందంతా నా ఒక్కదాని చేలోకే దిగేది. సరిగ్గా కాయ ఊరే సమయానికి వచ్చి మూతులతో దున్నిపోయేవి. వరసగా రెండు పంటలు అలాగే పోయాయి.

నేను చెయ్యని ప్రయత్నం లేదు. చేను చుట్టూ పాత చీరలు కట్టాను. మొదట రంగులు చూసి బెదిరాయి, తర్వాత అలవాటుపడ్డాయి. చివరికి పెట్టెలో దాచుకున్న పెళ్ళినాటి చీర కూడా తీసుకెళ్ళి కట్టాను. దాన్ని తొక్కుకుంటూ లోపలికి వచ్చాయి. నాకు అసలే కోపం ఎక్కువ. ఆ రోజు గుట్టకేసి తిరిగి నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. టపాకాయలు పేల్చాను. మైకులో కుక్క అరుపులు పెట్టాను. కరెంటు తీగ చుట్టమని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. ఆ తీగకు పందికీ మనిషికీ తేడా తెలియదు, వద్దన్నాను.

సోలార్ కంపెనీ ఏజెంటు అప్పుడప్పుడూ వచ్చి టీ తాగి వెళ్ళేవాడు. మర్యాదస్తుడే, ఎప్పుడూ బలవంతపెట్టలేదు. ఒకసారి మాత్రం, “ఇంకా ఎందుకక్కా ఈ కష్టం? అందరూ ఇచ్చి సుఖంగా ఉండారు గదా,” అన్నాడు.

“ఇంగొక్క పంట చూస్తా. అది గూడా పందులకే పోతే నువ్వు చూపిచ్చిన చోట సంతకం పెడతా, పో,” అనేశాను.

కోపంలో అన్న మాటే గానీ, మాట మాటే. అతను వెళ్ళాక భయం పట్టుకుంది. లీజుకిస్తే భూమి ఎక్కడికీ పోదు, నా పేరు మీదే ఉంటుంది, ఏటా లీజు డబ్బులొస్తాయి. అదంతా నాకు తెలుసు. కానీ విత్తనం వెయ్యని చేనుకు నేనేమవుతాను? పొద్దున లేచి ఎటు నడవాలి? మా ఆయన పోయిన దుఃఖంలో నన్ను నిలబెట్టింది ఆ చేనే. అది పోతే నాకు ఇంట్లో కూర్చోవడం చేతకాదు.

పుట్టింటికి వెళ్ళినప్పుడు ఈ గోడు వెళ్ళబోసుకున్నాను. నాయనకు అప్పటికే డెబ్బై దాటాయి. బోర్లు ఒకదాని వెనక ఒకటి ఎండిపోయాక చేను బీడు పెట్టేశాడు. అన్న రాప్తాడులో హైవే పక్కన హార్డ్‌వేర్ అంగడి పెట్టుకున్నాడు. పల్లెలో మిగిలింది నాయన, అమ్మ, బీరువాలో తుపాకి.

వయసులో ఉన్నప్పుడు గుట్టల్లోంచి ఎలుగుబంట్లు, పందులు దిగుతుంటే పంట కాపలా కోసమని లైసెన్సు తీసుకుని కొన్న తుపాకి అది. ఏనాడూ మనిషి మీదికి లేవలేదు. ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ దాన్ని పోలీస్ స్టేషన్‌లో అప్పగించడం, అయిపోయాక తెచ్చుకోవడం. నేను పుట్టింటికి వచ్చినదానికంటే అది స్టేషన్‌కు పోయిందే ఎక్కువని అమ్మ ఎగతాళి చేసేది. స్టేషన్‌లో అందరికీ నాయన తెలుసు, తుపాకీ తెలుసు. ముఖం చూసి తీసుకుని ముఖం చూసి ఇచ్చేవాళ్ళు.

నేను చెప్పిందంతా విని నాయన, “తుపాకి నువ్వు తీసుకోపో పాపా,” అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. “సంచిలో పెట్టుకోని బస్సెక్కల్నా నాయనా?”

“సంచిలో ఎందుకు? అడిగి, రాయించుకోని, లెక్క ప్రకారమే తీసుకోపో. ఇన్నేండ్లు పెట్టుకున్నా, నా మీద ఒక్క కేసు ల్యా. నీ మీద రానిస్తానా?”

వెంటనే అన్నకు ఫోన్ చేసి పిలిపించాడు. మా వైపు తుపాకి అంటే కొడుక్కు పోయే ఆస్తి. కొడుకు ఉండగా కూతురికిస్తారని, అదీ ఇంకో రాష్ట్రంలో ఉన్న కూతురికని, ఎవరూ అనుకోరు. అన్న ఏమంటాడోనని నాకు లోపల బెరుకుగానే ఉంది. వాడు మంచం మీద కూర్చుని, మజ్జిగ తాగి, మూతి తుడుచుకున్నాడు.

“నాకెందుకప్పా అది? నా అంగట్లోకి పందులొస్తాయా? వచ్చినా మేకులు తింటాయా?” అన్నాడు. తర్వాత నవ్వు ఆపి, “ఒక్కటే నాయనా. పాప ఒంటిగా ఉండే మనిషి. తుపాకి ఉండాదని తెలిసి దానికోసమే ఎవడన్నా వస్తే?”

“వస్తే కాలుస్తాది,” అంది అమ్మ వంటింట్లోంచి.

“నువ్వు ఊరుకోమ్మా,” అని ముగ్గురం ఒకేసారి అన్నాం. అన్న నా ముఖం చూశాడు. నాకు తాళం ఉన్న ఇనుప బీరువా ఒకటి కావాలన్నాను. బీరువా తన అంగడి నుంచే పంపిస్తానన్నాడు. అంతే, వాడి అభ్యంతరం అక్కడితో ముగిసింది. అన్నదమ్ములు గజం నేల కోసం మాటలు మానేసే రోజుల్లో, ఇంటి పరువుగా చూసుకున్న వస్తువును మజ్జిగ తాగినంత సేపట్లో వదిలేసిన అన్న నాకున్నాడు. ఆ ఒక్క సంగతి తలుచుకుంటే వాడు చిన్నప్పుడు నా జడ లాగినవన్నీ మాఫీ.

అన్న అంగడికి సెలవుపెట్టి అనంతపురంలో ఆఫీసు చుట్టూ తిరిగి అంతా కనుక్కున్నాడు. నాయన పెద్దవాడయ్యాడు కనుక బతికుండగానే వారసురాలికి ఇవ్వచ్చట. అమ్మా అన్నా తమకు అభ్యంతరం లేదని రాసివ్వాలట. కానీ ముందు నాకు నేనుండే జిల్లాలో, నా పేరు మీద లైసెన్సు రావాలి. అది వచ్చేదాకా తుపాకిని నేను తీసుకోకూడదు. వచ్చాక కూడా, లైసెన్సులో రాసిన తుపాకి ఇదేనని పోలీసులు సరిచూశాకే అది సరిహద్దు దాటాలి.

ఇక నా వంతు. మా వైపు డీసీ ఆఫీసులో, అంటే ఇక్కడి కలెక్టరాఫీసులో, అర్జీ పెట్టాను. విచారణకు పోలీసులు ఊళ్ళోకి వచ్చి నా గుణగణాలు అడిగితే, ఎదురింటి పెద్దమనిషి, “మనిషి మంచిదే సార్. తుపాకి కంటే నోరే ముందు పేలుతాది,” అన్నాడట. అయినా రాసుకుపోయారు. మానసిక స్థితి బాగుందని డాక్టరు కాగితం కావాలన్నారు. ఆయన మధ్యాహ్నం దాకా బయట కూర్చోబెట్టి, లోపలికి పిలిచి, మీకు త్వరగా కోపం వస్తుందా అని అడిగాడు. ఇంతసేపు కూర్చోబెడితే ఎవరికైనా వస్తుంది సార్ అన్నాను. నవ్వి సంతకం పెట్టాడు.

తుపాకి పట్టడం నేర్చుకున్నట్టు కూడా చూపించాలి. చీర కొంగు నడుముకు దోపుకుని, పోలీసు మైదానంలో కుర్రాళ్ళ మధ్య నిలబడ్డాను. నేర్పే ఆయన కన్నడ మనిషి. “హెదరబేడి అమ్మా,” భయపడొద్దు అంటూ ప్రతిసారీ పక్కనే ఉండి, తూటా లేనప్పుడు కూడా ఉన్నట్టే చూసుకోవాలని, ట్రిగ్గర్ మీద ఊరికే వేలు పెట్టకూడదని ఓపిగ్గా చెప్పాడు. మొదటి దెబ్బకు భుజం కమిలింది. ఇంటికెళ్ళి ఆముదం రాసుకున్నాను. ఎన్ని తప్పులు చేసినా ఒక్కసారి విసుక్కోలేదు ఆయన. ఆఫీసులంటే తిప్పుతారని అందరూ అంటారు, నేనూ అన్నాను. తిప్పారు కూడా. కానీ ఆ తిప్పుడులో ఎవరూ నన్ను ఆడమనిషివి నీకెందుకమ్మా అనలేదు. అనని మాట అన్నారని నేను చెప్పను.

శ్రావణంలో లైసెన్సు చేతికొచ్చింది. చేలో వేరుశనగ పూత మీదుంది. పూత నుంచి ఊడలు మట్టిలోకి దిగి కాయ ఊరేలోపు తుపాకి తెచ్చుకుంటే చాలు. పంట దక్కుతుంది. నేను పరుగున పుట్టింటికి పోయాను.

నలుగురం మండలం స్టేషన్‌కు వెళ్ళాం. నాయన తెల్లపంచె కట్టుకున్నాడు. ఎస్సై కొత్తగా వచ్చినవాడు, చిన్న వయసు. నాయన లైసెన్సు పుస్తకంలోంచి నంబరు పైకి చదివి, తుపాకి చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. కిటికీ దగ్గరికి వెళ్ళి వెలుతుర్లో చూశాడు. వేలితో తడిమి చూశాడు.

“నంబరు యాడుండాది పెద్దాయనా?”

“ఆడనే సార్, ట్రిగ్గర్ పైన.”

ట్రిగ్గర్ పైన ఇనుము అద్దంలా నున్నగా మెరుస్తోంది. ఒక సున్నా చుట్టు తప్ప ఇంకేమీ లేదు. నాయన కళ్ళద్దాలు సవరించుకుని వంగి చూశాడు. పంచె అంచుతో తుడిచి మళ్ళీ చూశాడు. అప్పుడు వెనకనుంచి అమ్మ ధైర్యంగా అంది.

“ఆడనే సార్. నేను బొట్టు పెట్టే చోటే.”

ఎస్సై తలెత్తాడు. అమ్మ ఆయనకు విడమరిచి చెప్పింది. మహర్నవమి నాడు ఆయుధ పూజకు ఇంట్లో కొడవలి, గొడ్డలి, నాగలి కర్రుతోపాటు తుపాకినీ కడుగుతుంది. చింతపండు, బూడిద వేసి కొబ్బరి పీచుతో తోముతుంది. నిమ్మచెక్క రుద్దుతుంది. పసుపు పూసి కుంకుమ పెడుతుంది. ఏడాదికొక్కసారే అయినా, ఇత్తడి బిందెలు మెరిసేలా తోమే చెయ్యి అది.

“నంబరు మీదనే ఎందుకమ్మా?” అన్నాడు ఎస్సై.

“అదే గదా సార్ దాని పేరు. ఈయన ఎప్పుడూ అదే చూపిస్తా ఉండె, ఇదే మన తుపాకని. అందుకే ఆడ బాగా తోమి, ఆడ పెడతాండా.”

నాకు ఒళ్ళు మండింది. “అమ్మా, అదేమన్నా రాగిచెంబా?” అన్నాను. “తుప్పు పట్టనిస్తానా మరి?” అంది అమ్మ. ఆమెకింకా విషయం అర్థం కాలేదు.

ఎస్సై తుపాకిని మెల్లగా బల్ల మీద పెట్టాడు. “నంబరు కనపడకుంటే, లైసెన్సులో ఉండేది ఇదే అని నేను ఎట్ల రాసేది? పైన ఎవరన్నా చూస్తే, కావాలనే చెరిపినారంటారు. తేలేదాకా ఇది ఈడనే ఉండాల.” గట్టిగా అనలేదు, మామూలుగానే అన్నాడు. అప్పుడు అర్థమైంది అమ్మకు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇంటికి వచ్చాక ఎవరం ఏమీ తినలేదు. నాకు కళ్ళ ముందు నా చేనే. ఇంకొన్నాళ్ళకు ఊడలు దిగుతాయి, ఆ వెనకే పందులు దిగుతాయి, ఆ వెనకే ఏజెంటు కాగితాలతో దిగుతాడు. అమ్మ ఒక మూల కూర్చుని ఏడుస్తోంది. నాయన అమ్మను తిడతాడనుకున్నాను. నేనైతే తిట్టేదాన్నే. ఆయన మాత్రం ఆమె పక్కన కింద కూర్చున్నాడు.

“ఏడవాకు. నువ్వు ఏటా తోమితివి, నేను ఏటా పక్కన నిలబడి దండం పెట్టుకుంటి. నీదొక్కదానిదేనా తప్పు?” అన్నాడు.

ఆ మాటతో నా కోపమంతా ఎటు పోయిందో పోయింది. ఎవరి మీద పెట్టుకోవాలి కోపం? మా అమ్మ భక్తితో అరగదీసిన తుపాకి అది.

మర్నాడు అమ్మ నన్ను వెంటబెట్టుకుని స్టేషన్‌కు వెళ్ళింది. నాయనకు చెప్పొద్దంది. ఎస్సై ముందు చేతులు కట్టుకుని నిలబడి, “తోమింది నేను సార్. కేసు ఏమన్నా ఉంటే నా మీద రాసుకోండి. ఆయనకు ఈ వయసులో మచ్చ వద్దు. మా పాప పంట ఆపొద్దు,” అంది.

ఆయన లేచి ఆమెకు కుర్చీ వేశాడు. “మా అమ్మ కూడా గోరంట్లలో ఇట్లే చేస్తాదమ్మా. మిక్సీకి, టీవీకి, నా బండికి. నా బండి నంబరు ప్లేటు మీద పసుపు పోక ట్రాఫిక్‌లో నన్నే ఆపినారు,” అన్నాడు. నిన్న సాయంత్రమే తుపాకిని అనంతపురం పోలీసు ఆయుధాగారానికి పరీక్షకు పంపమని రాశాడట. జరిగింది జరిగినట్టే రాశాడట, చింతపండుతో సహా. ఆయన తలుచుకుంటే ఒక్క ముక్క వేరేగా రాసి మా ముగ్గురినీ కోర్టుల చుట్టూ తిప్పగలిగేవాడు. అలా రాయలేదు. ఆయనిప్పుడు ఎక్కడికో బదిలీ అయ్యాడు. ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

అన్న అనంతపురంలో ఆ తుపాకి వెనకే తిరిగాడు. నేనింకా పుట్టింట్లోనే ఉన్నాను, ఒక మధ్యాహ్నం వాడి ఫోను. ముందు నవ్వు వినిపించింది, తర్వాత మాట.

“గొట్టాల కింద చెక్క ఉండాది సూడు, దాన్ని ఊడదీసినారు. లోపల ఇనుము మీద గూడా అదే నంబరు కొట్టి ఉండాది. సక్కగా కనపడతాండాది. ఆడికి అమ్మ చెయ్యి పోలేదు!”

ఆ చెక్క ఊడుతుందని నాయనకు తెలుసు గానీ, లోపల నంబరుందని తెలియదు. ఊడదీస్తే మళ్ళీ పట్టదేమోనన్న భయంతో ఇన్నేళ్ళూ దాని జోలికి పోలేదు. ఆ భయమే మమ్మల్ని కాపాడిందని అన్నాను. “నన్నూ అమ్మనూ ఇద్దర్నీ దేవుడే చేసినాడులే, ఒకరు తోమేదానికి, ఒకరు ముట్టుకోకుండా ఉండేదానికి,” అన్నాడు నాయన. ఆ రోజు అమ్మ పూర్ణం పెట్టి ఓళిగలు చేసింది.

కాగితాలన్నీ కదిలాక, నాయన తన లైసెన్సు అప్పగించి, తుపాకి నాకిచ్చే రోజు వచ్చింది. మా ఇళ్ళల్లో ఇనుము చేతి నుంచి చేతికివ్వరు. నాయన తుపాకిని బల్ల మీద పెట్టి పక్కకు జరిగాడు. నేను సంతకం పెట్టి తీసుకున్నాను. అమ్మ కొంగులోంచి కుంకుమ భరిణె తీసింది.

“నంబరు మీద మాత్రం వద్దమ్మా,” అన్నాడు ఎస్సై. స్టేషనంతా నవ్వారు. అమ్మ సిగ్గుపడి చెక్క మీద పెట్టింది.

అన్న కారులో కాగితాలు, తుపాకి, నన్ను ఎక్కించుకుని సరిహద్దు దాటించాడు. మా స్టేషన్‌లో చూపించి, రాయించి, ఇంట్లో ఇనుప బీరువా గోడకు బిగించి, తాళంచెవి నా చేతిలో పెట్టి వెళ్ళాడు.

కాయ ఊరింది. పందులు వచ్చాయి. నేను గట్టు మీద నిలబడి ఆకాశంలోకి పేల్చాను. పందిని చంపడానికి వేరే అనుమతి కావాలి, నాకు అక్కర్లేదు, చప్పుడు చాలు. పారిపోయాయి, మళ్ళీ వచ్చాయి, మళ్ళీ పేల్చాను. అంచుల్లో కొంత తిన్నాయి. మిగతాదంతా నాకే దక్కింది. ఏజెంటు వస్తే ఉడికించిన పచ్చికాయలు పెట్టాను. అతను తిని, “ఇంక మీరు ఇవ్వరులే అక్కా,” అని నవ్వుకుంటూ పోయాడు.

కాయ తెంపే రోజుల్లో నాయన వచ్చాడు. కూలీల మధ్య కూర్చుని కాసేపు కాయలు తెంపి, నడుం నొప్పని లేచి, గట్టు వెంబడి గుట్ట వైపు నడిచాడు. ఎంతసేపటికీ రాకపోతే వెతుక్కుంటూ వెళ్ళాను. చేను అంచున గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఎదురుగా మట్టిలో పంది గిట్టల అచ్చులు, కుళ్ళగించిన సాళ్ళు. చూసి బాధపడుతున్నాడేమోనని, ఎక్కువేం పోలేదులే నాయనా, అన్నాను.

ఆయన ఆ అచ్చుల్లో వేలు పెట్టి చూస్తున్నాడు. ముఖం వెలిగిపోతోంది.

“పోనీలే. మన చేన్లోకి రావడం మానేసి శానా ఏండ్లాయ పాపా. బీడు చేన్లోకి అవెందుకొస్తాయి? నీ దగ్గరికి ఇంకా వస్తాండాయి.”

నేను ఆయన పక్కనే కూర్చున్నాను. ఇంకో అచ్చులో నేనూ వేలు పెట్టి చూశాను.